నమూనా లేని దుప్పటి

“మీ ఇష్టమండీ, మీకెలా తోస్తే అలా అల్లేయండి” అని ఆర్డరిచ్చేవాళ్లంటే నాకు కాస్త భయం. కొలత చెబుతారు, ఏ రంగులు గిట్టవో చెబుతారు, మిగతాదంతా నాకు వదిలేస్తారు. అల్లకం తెలియనివాళ్లకు అది నాకిచ్చిన వెసులుబాటులా కనిపిస్తుంది. నమూనా ముందుంటే చెయ్యి దాని వెంట పోతుంది. బుర్ర ఖాళీగా ఉంటుంది కాబట్టి సాయంత్రం కూర గురించో, పిల్లల ఫీజుల గురించో ఆలోచించుకోవచ్చు. నమూనా లేని దుప్పటి దగ్గర ఆ సుఖం లేదు. ఎక్కడ కుట్లు పెంచాలి, ఎక్కడ తగ్గించాలి, ఈ పసుపు ఇంకెంత దూరం నడవాలి, ఈ ముక్క ఇక్కడితో చాలా, ఇంకో వరస పడాలా అన్నది కూర్చున్నంతసేపూ తేల్చుకుంటూనే ఉండాలి. లేచేసరికి వేళ్లకంటే తలే ఎక్కువ అలిసిపోతుంది.

నాది నరసాపురం దగ్గర పల్లె. లేసు అల్లడం మా వైపుకి ఎలా వచ్చిందో చాలామందికి తెలిసిందే. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పారు, అది ఇంటింటికీ పాకింది, ఇక్కడ అల్లినవి ఓడలెక్కి యూరప్ వాళ్ల బల్లల మీదికి చేరాయి. మేమంతా పరికిణీలు కట్టే వయసులోనే సూది పట్టాం. లేసుకి వాడే ఉక్కు సూది మందం మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది, చివర కొక్కెం కంటికి ఆనీ ఆననట్టుంటుంది. ఇప్పుడు దుప్పట్లకి నేను పట్టేది 5 మిల్లీమీటర్లది. మొదట్లో అది చేతిలో ఉంటే ఏదో చిన్నపిల్లల ఆటవస్తువు పట్టుకున్నట్టు నవ్వొచ్చేది.

మా దగ్గర లేసు పని చేతులు మారుతూ నడుస్తుంది. పువ్వులూ, చక్రాలూ, ఆకులూ విడివిడిగా అల్లడం చేతిపని. వాటన్నిటినీ కలిపి బల్లగుడ్డగానో, మంచం దుప్పటిగానో చెయ్యడం అతుకుపని. ఏజెంటు నూలు తూచి ఇచ్చి వెళతాడు, అల్లినవి మళ్లీ తూచి పట్టుకెళతాడు. కూలి సరుకు లెక్కనే. మా అమ్మ చేసిందంతా చేతిపనే. అతుకుపని నాకు పెళ్లయి వచ్చాక మా అత్తగారు నేర్పారు. ఆ పనిలో ఆవిడకి చుట్టుపక్కల పేరుండేది.

అతుకు దగ్గర కూర్చున్నాకే నాకొక సంగతి తెలిసింది. నమూనా ఒకటే, నూలు ఒకటే, సూది నంబరూ ఒకటే. అయినా పది ఇళ్ల నుంచి పువ్వులొస్తే పది రకాలుగా ఉంటాయి. కొత్తగా నేర్చిన పిల్ల అల్లిన పువ్వు బిగుసుకుపోయి చిన్నదవుతుంది. చెయ్యి తిరిగిన పెద్దావిడ అల్లింది వదులుగా విచ్చుకుంటుంది. అత్తగారు పువ్వుని బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, “ఇది ఫలానా వాళ్ల కోడలిది, పిల్లకి ఒంట్లో బాగోలేనట్టుంది ఈ వారం” అనేవారు. ఎన్నోసార్లు నిజమయ్యేది కూడా. ఆ తేడాలన్నీ మింగేసి, కొన్నవాళ్లకి అంతా ఒకే చెయ్యి అల్లినట్టు కనబడేలా చెయ్యడమే అతుకు మనిషి పని. బిగుతు పువ్వు చుట్టూ గొలుసులో ఒక కన్ను ఎక్కువ వేస్తాం, వదులు పువ్వు చుట్టూ ఒకటి మింగుతాం. ఎక్కడ వేశామో ఎక్కడ మింగామో మళ్లీ మాకే దొరకకూడదు.

జర్మనీ నుంచి మారియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త డెబ్బైల చివర్లో మా ప్రాంతానికొచ్చి లేసు అల్లే ఆడవాళ్ల మీద పరిశోధన చేశారు. 1982లో పుస్తకం వచ్చింది. ప్రపంచ మార్కెట్టు కోసం పనిచేస్తున్న ఈ ఆడవాళ్లని పనివాళ్లుగా కాక, తీరిక వేళ ఏదో అల్లుకునే ఇల్లాళ్లుగా జమకట్టడం వల్లే కూలి అంత తక్కువ ఉందని ఆవిడ రాశారు. మా అమ్మకి ఆ పుస్తకం సంగతి తెలియదు. తెలిసుంటే “ఈ మాట చెప్పడానికి అంత దూరం నుంచి రావాలా” అని ఉండేది. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. చేతిపని కూలికీ ఆ గుర్తింపుకీ మధ్య ఇంకా చాలా దూరం ఉంది.

ఇప్పుడు నేను చేసే ఫ్రీఫామ్ దుప్పటికి పాత లేసు దుప్పటికి ఉన్నట్టు గ్రాఫు కాగితం ఉండదు, వరసల లెక్క ఉండదు. అరచేతంత ముక్కలు, ఒక్కోటి ఒక్కో ఆకారంలో, ఊలూ నూలూ కలిపి, రకరకాల కుట్లతో అల్లి, వాటిని పక్కపక్కన పేర్చి అతుకుతాం. ఇంగ్లండులో జేమ్స్ వాల్టర్స్, సిల్వియా కాష్ అనే ఇద్దరు ఈ పద్ధతిని పుస్తకాల ద్వారా, పాఠాల ద్వారా బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఇలాంటి ముక్కని స్క్రంబుల్ అంటారు. ఆస్ట్రేలియాలో ప్రుడెన్స్ మేప్‌స్టోన్ అనే ఆవిడ కూడా ఇదే పనిలో పేరున్న మనిషి. అక్కడివాళ్లు దీన్ని ఎక్కువగా కోట్లకీ, శాలువలకీ, గోడకి తగిలించే కళాఖండాలకీ వాడారు. దుప్పటి దాకా వచ్చేసరికి బరువూ, ఉతుకూ, రోజూ లాగి కప్పుకోవడం అన్నీ లెక్కలోకొస్తాయి. గోడకి తగిలించేది ముడతలు పడినా అందమే అంటారు. దుప్పటి ముడతలు పడితే కప్పుకున్నవాడు ఊరుకోడు.

మా ఊరి ఆడపడుచు ఒకావిడ డల్లాస్‌లో ఉంటారు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోనులో ఒక దుప్పటి బొమ్మ చూపించి, “పిన్నీ, ఇలాంటిది మీరు చెయ్యగలరా?” అని అడిగారు. చూడగానే నాకు చిత్రమనిపించింది. అందులో ఏ రెండు ముక్కలూ ఒకలా లేవు. మేం జీవితమంతా దాచిపెట్టిన తేడాలనే అక్కడ ఎవరో ఎత్తిచూపించి అమ్ముకుంటున్నారు. మా అత్తగారు కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. “ముక్కలు ఎవరైనా అల్లుతారమ్మా. అతుకు ఎవరు పెట్టారో కానీ బాగా పెట్టారు” అన్నారు.

ఆవిడ అన్నమాటే ఈ పనికంతటికీ మూలం. అది అర్థం కావాలంటే ముందు ముక్క గురించి చెప్పాలి.

గుండ్రంగా అల్లితే పడుకోవాలి, అంటే బల్ల మీద పెడితే చదునుగా ఉండాలి. సూది మీద పోగు ఒకసారి చుట్టి అల్లే పొడుగు కుట్టు అయితే మొదటి వరసలో 12 కుట్లు, రెండో వరసలో 24, మూడోదానిలో 36 రావాలి. వరసకి పన్నెండేసి పెరుగుతాయి. పొట్టి కుట్టయితే ఆరుతో మొదలెట్టి ఆరేసి పెంచుతాం. ఈ లెక్క తగ్గితే ముక్క గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది, మించితే అంచు అప్పడంలా లేస్తుంది. మాకిది పొరపాటు కిందే లెక్క, కానీ అదే పొరపాటుని కావాలని చేసి లెక్కల పాఠం చెప్పినావిడ ఉన్నారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమిన్యా అనే గణిత అధ్యాపకురాలు 1997లో వరసవరసకీ కుట్లు పెంచుకుంటూ పోయి, కాగితం మీద గీసి చూపించడం కష్టమైన ఒకరకం వంపు తలాన్ని క్రోషేతో చేసి విద్యార్థుల చేతికిచ్చారు. తర్వాత వర్థైమ్ అనే ఇంటిపేరున్న అక్కచెల్లెళ్లు ఆ కుచ్చుల పద్ధతితోనే సముద్రంలోని పగడపు దిబ్బల్ని అల్లించడం మొదలెట్టారు. నా దుప్పట్లలో అక్కడక్కడ ఆ కుచ్చు ఒకటి పెడతాను, మూలలో, కాళ్లకి తగలని చోట. చిన్నపిల్లల దుప్పటయితే పెట్టను, వేళ్లు ఇరుక్కుంటాయి.

ఫ్రీఫామ్‌లో ముక్క గుండ్రంగానే ఉండాలని లేదు. ఒక చక్రంతో మొదలెట్టి, సగం దూరం పోయాక వెనక్కి తిరిగి, ఒక పక్కకి మెట్టు దించి, ఇంకో రంగు తీసుకుని, దానిమీద బుల్లియన్ కుట్లు నాలుగు వేసి (సూది మీద పోగు ఎనిమిది, పది చుట్లు చుట్టి అన్నిట్లోంచీ ఒక్కసారి లాగడం, బిగుతుగా చుడితే సూది బయటికి రాదు), ఆ పక్కన పాప్‌కార్న్ కుట్టు ఉబ్బెత్తుగా పెట్టి, చివర ఎడమ నుంచి కుడికి వెనక్కి నడిచే పీత కుట్టుతో అంచు కట్టి వదిలేస్తాను. దారి ఇష్టం వచ్చినట్టు పోవచ్చు. కుట్ల లెక్క మాత్రం ఎక్కడికక్కడ పాటించాల్సిందే. వంపు తిరిగిన చోటల్లా అది చదునుగా పడుకునేందుకు ఎన్ని కుట్లు పెరగాలో చెయ్యి లెక్కేస్తూనే ఉంటుంది. లేసులో ఇరవై ఏళ్లు తిరిగిన చేతికి ఆ లెక్క నోటిదాకా రాకుండానే తెలుస్తుంది. కొత్తవాళ్లు “స్వేచ్ఛగా అల్లడం” అని మొదలుపెట్టి మూడో ముక్కకే గిన్నెలు తయారుచేస్తారు.

ఊలు ఎంపికలో నాకు కొన్ని పట్టుదలలున్నాయి. ఒక దుప్పటిలో సన్నం, మందం కలపవచ్చు. కానీ వేడినీళ్లు పడితే దగ్గరగా బిగుసుకుపోయే గొర్రె ఊలునీ, అస్సలు బిగుసుకోని అక్రిలిక్‌నీ ఒకే దుప్పటిలో కలపను. ఒక్క ఉతుకుకి ఊలు ముక్క చిక్కిపోతుంది, పక్కనున్న అక్రిలిక్ ముక్క అలాగే నిలబడి చుట్టూ గుంజుకుంటుంది. మన ఊళ్లకి నూలే మేలు, కాకపోతే బరువు. నూలు దుప్పటి తడిస్తే ఇద్దరు పట్టుకుని పిండాలి. ఎర్ర నూలు, ముదురు నీలం తీసుకుంటే ముందు ఒక మూర తెల్లగుడ్డలో చుట్టి తడిపి చూస్తాను, రంగు దిగితే ఆ ఉండ పక్కన పెట్టేస్తాను. బయటి దేశాల ఆర్డర్లకి లూధియానా నుంచి వచ్చే ఊలు వాడతాను. దానికి ఇక్కడి ఉక్కపోత పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో ఒళ్లో ఊలు పెట్టుకుని కూర్చోవడం ఎవరివల్లా కాదు, అందుకని ఆ రెండు నెలలూ చిన్న ముక్కలే అల్లి డబ్బాలో వేస్తాను, అతుకు వానలు పడ్డాకే.

అతుకుకి ముందు పాత దుప్పటి ఒకటి కావాలి, దుప్పటి కొలతకి కత్తిరించింది. సోఫా మీద కప్పుకునేదయితే 50 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు. ముక్కలు దానిమీద పేరుస్తాను. ముందు పెద్దవి, తర్వాత మధ్యరకం, చివర చిల్లరవి. రంగులు ఎక్కడ గుంపుకట్టాయో దగ్గర నుంచి కనబడదు. అరుగు మీద పరిచి, వీధిలోకి వెళ్లి అక్కడినుంచి చూస్తాను. ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపు చేసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది, ముదురు రంగులన్నీ ఒకవైపు పోగుపడ్డాయేమో. కుదిరాక ముక్కల్ని ఒక్కోటీ బోర్లా తిప్పి అక్కడే గుండుసూదులతో గుడ్డకి గుచ్చేస్తాను. మంచిముఖం కిందకి, వెనకముఖం పైకి. అతుకంతా వెనకనుంచే.

ఇక అసలు పని. రెండు ముక్కలు ఒకదానికొకటి ఆనుకున్నచోట అంచుకి అంచు కుట్టేస్తే సరి. కష్టమంతా మూడు నాలుగు ముక్కలు కలిసే సందులో. గుండ్రటి ముక్కలు మూడు పక్కపక్కన పెడితే మధ్యలో మూడు మూలల ఖాళీ మిగులుతుంది. దాన్ని కొలవకుండా నింపడం కుదరదు, కొలిచినా స్కేలుతో కొలిచింది పనికిరాదు. నేను చేసేదిది. ఖాళీ పైకొస చూసుకుని, ఒక ముక్క అంచులో పోగు తగిలిస్తాను. కొస దగ్గర ముక్కలు దాదాపు తగులుకునే ఉంటాయి కాబట్టి అక్కడ జారుడు కుట్టు చాలు. లోపలికి పోయేకొద్దీ సందు వెడల్పవుతుంది. ముందు పొట్టి కుట్టు, తర్వాత సగం పొడుగు, తర్వాత పొడుగు కుట్టు, బాగా లోతున్నచోట రెండు చుట్ల కుట్టు. మళ్లీ ఆ పక్క కొసకి వచ్చేసరికి వచ్చిన దారినే తగ్గించుకుంటూ పొట్టి కుట్టు, జారుడు కుట్టు. ఒక్క వరసలోనే గుంట నిండి అంచు తిన్నగా వస్తుంది. వచ్చాక దానిమీద చెయ్యి వేసి రాస్తాను. వేళ్ల కింద గట్టు తగిలితే కుట్టు ఎక్కువయినట్టు. కిందున్న గుడ్డ మెల్లగా లోపలికి లాగుతుంటే తక్కువయినట్టు. ఒక్క కుట్టు తేడాకే గుడ్డ కదులుతుంది. కింద గుడ్డ గుచ్చకుండా ఒళ్లో పెట్టుకుని అతికేవాళ్లకి ఆ హెచ్చరిక అందదు, దుప్పటి సగమయ్యాక మధ్యలో పొట్టలా ఉబ్బిందని అప్పుడు చూసుకుంటారు.

పోగు కొసలు దాచడం అందరికీ విసుగు. ముక్కకి నాలుగైదు రంగులుంటే కొసలు పదిదాకా ఉంటాయి, దుప్పటికి ఎన్నో లెక్క పెట్టుకోవద్దు, భయమేస్తుంది. ప్రతి కొసా నాలుగంగుళాలు వదిలి ఒకవైపు నడిపి, తిరిగి వెనక్కి నడపాలి. ఒకవైపే నడిపి కత్తిరిస్తే మూడో ఉతుకులో బయటికొస్తుంది. నేను రేడియో పెట్టుకుని ఈ పని చేస్తాను.

చుట్టూ అంచు కట్టడంలో కూడా గుంట దగ్గర పొడుగు, గట్టు దగ్గర పొట్టి అన్న పద్ధతే. అంచుకి కుట్లు ముక్కల కళ్ల లెక్కన వెయ్యకూడదు, అంగుళానికిన్ని అని వెయ్యాలి. ఎందుకంటే ఒక చోట మందం ఊలు, పక్కనే సన్నం నూలు ఉంటాయి. నా చేతికి 5 మిల్లీమీటర్ల సూదితో అంగుళానికి నాలుగు పొట్టి కుట్లు పడతాయి, నాలుగు వైపులా అదే. అయ్యాక ఊలుదయితే తడిపి, పాత పరుపు మీద కొలతకి లాగి గుచ్చి ఆరబెడతాను. అక్రిలిక్‌ని ఇస్త్రీపెట్టెతో ముట్టుకోను. మెరుగొచ్చి చచ్చిపోతుంది, మళ్లీ లేవదు. పైన ఆవిరి చూపించి వదిలేస్తానంతే.

క్రోషే దుప్పటి అంటే చెన్నై సంగతి చెప్పకుండా ఉండలేను. 2016లో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అనే ఆడవాళ్ల బృందం చెన్నైలో 11 వేల చదరపు మీటర్లు దాటిన దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు తెచ్చుకుంది. ఎవరి ఊళ్లో వాళ్లు చదరాలు అల్లి పంపారు. తర్వాత వాటిని విడదీసి దుప్పట్లుగా పంచిపెట్టారు. అందరూ అన్ని చదరాలంటూ అల్లినవాళ్ల గురించి మాట్లాడుకుంటారు. నాకు మాత్రం అంతమంది చేతుల బిగుతునీ వదులునీ ఒక్క గుడ్డగా కలిపినవాళ్లని పిలిచి కాఫీ ఇవ్వాలనిపించింది.

ధర దగ్గరికొస్తే ఇప్పటికీ ఇబ్బందే. లేసులో ముక్కకింత అని ఉండేది, తక్కువైనా లెక్క సులువు. దీనికి ముక్కల లెక్క కుదరదు, ఏ ముక్కా ఇంకో ముక్కంత ఉండదు. ఊలు బరువు లెక్కనా అంటే, సోఫా దుప్పటికి కిలోకి పైనే పడుతుంది, అంతవరకు తేలికే. అల్లిన గంటలు ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. చేతిపని ఒక పేజీలో, అతుకు ఒక పేజీలో. ఏ దుప్పటి తీసుకున్నా అతుకు గంటలు చేతిపని గంటలతో సమానంగా వస్తున్నాయి, ఒక్కోసారి మించుతున్నాయి. కొనేవాళ్లకి ముక్కలు కనబడతాయి, వాటికి డబ్బివ్వడానికి మనసొస్తుంది. వెనకున్నది కనబడదు కదా. “కుట్టడమే కదండీ” అంటారు. ఆ మాట అన్నవాళ్లకి దుప్పటి తిరగేసి చూపిస్తాను.

ఈ మధ్య ఒక ఎగుమతి వ్యాపారి వచ్చాడు. దుప్పటి చూశాడు, ఫొటో తీసుకున్నాడు, బయటి దేశంలో ఎవరికో పంపాడు. మర్నాడు ఫోన్ చేసి, “అమ్మా, బాగా నచ్చిందంట. అచ్చం ఇలాంటివే యాభై కావాలన్నారు” అన్నాడు. నాకు నవ్వాగలేదు. అచ్చం ఇలాంటిది ఇంకొకటి నేనే చెయ్యలేనని చెప్పాను. కొలత ఒకటే ఇస్తాను, బరువు ఒకటే ఇస్తాను, రంగులు అవే ఇస్తాను, చదునుగా పడుకునే పూచీ నాది. ముక్కలు మాత్రం దేనికదే. ఆయన వాళ్లని అడిగి, సరేనన్నారని చెప్పాడు. ఆ పని నా ఒక్కదాని వల్ల కాదు. వీధిలో లేసు మానేసి కూర్చున్న వదినలూ, వాళ్ల కోడళ్లూ ఉన్నారు. వాళ్లకి తలా ఒక ఉండ ఇచ్చి, ఇష్టం వచ్చినట్టు అల్లి తెమ్మన్నాను. మర్నాడు వచ్చి చూస్తే అందరూ కూడబలుక్కుని ఒకే పువ్వు అల్లేశారు. అలా కాదని మళ్లీ కూర్చోబెట్టి, ఎవరి పక్కన ఎవరూ కూర్చోకుండా చూశాను, ఇప్పుడు కాస్త దారికొచ్చారు. పెద్దావిడ ఒకరయితే పాత బ్లౌజుల రంగులన్నీ గుర్తుచేసుకుని అల్లుతున్నారు, ఆవిడ ముక్కలు అన్నిట్లోకి బాగున్నాయి.

రేటు సంగతే ఇంకా తెగలేదు. చేతిపనికి మేం అడిగినంతా ఒప్పుకున్నాడు. అతుకుకి వేరే గంటల లెక్క కట్టాలి, అదీ చేతిపని గంటతో సమానంగా కట్టాలి అన్నాను. “అతుకు ఎప్పుడూ పనిలో కలిసేదే కదమ్మా” అన్నాడు. నోటుబుక్కు తెరిచి రెండు పేజీలూ చూపించాను. తీసుకెళ్లి తన భాగస్వామికి చూపించి చెబుతానన్నాడు. బుక్కు ఇవ్వనని, కావాలంటే ఫోనులో ఫొటో తీసుకోమన్నాను. తీసుకున్నాడు. ఈలోపు ముక్కలైతే అల్లుతున్నాం, ఎలాగూ వానలు ఇంకా పడలేదు.